వాయిస్ గేట్‌వేలో ఎన్ని లైన్లు ఎప్పుడు నిండుతున్నాయో కనిపెట్టడం ఎలా

“మీ ఆఫీసుకు ఎప్పుడు చేసినా ఎంగేజే వస్తోంది” అన్న ఫిర్యాదు మేనేజర్ గారి చెవిన పడిన మర్నాడు, టెలిఫోన్లు చూసుకునే మీ దగ్గరికి ఒకే ప్రశ్న వస్తుంది: ఇంకో పీఆర్‌ఐ (ఒకే తీగ మీద ముప్పై దాకా లైన్లు ఇచ్చే టెలిఫోన్ కనెక్షన్) తీసుకోవాలా, అక్కర్లేదా? ఆ క్షణంలో ఆ లైన్లు తగిలించిన రౌటర్‌లోకి, అంటే వాయిస్ గేట్‌వేలోకి, లాగిన్ అయి చూస్తే ముప్పై ఛానెళ్లలో ఏడో ఎనిమిదో వాడుకలో ఉంటాయి కాబట్టి “లైన్లు ఖాళీగానే ఉన్నాయండీ” అని చెప్పేస్తాం. అది నిజమే, కానీ జవాబు మాత్రం కాదు. మనకు కావలసింది ఇప్పుడు ఎన్ని లైన్లు నడుస్తున్నాయన్న లెక్క కాదు, రోజు మొత్తంలో అన్ని లైన్లూ ఒకేసారి నిండిపోయిన నిమిషాలు ఎన్ని, అవి ఏ వేళలో వచ్చాయి, ఆ వేళ లైన్లను ఎవరు పట్టుకుని ఉన్నారు అన్న లెక్క. ఆ లెక్కను మీ చేతులతో మీరే ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణకు సిస్కో 2911 రౌటర్‌ను తీసుకుంటున్నాను. దాని అమ్మకాలు 2017లోనే ఆగిపోయినా మన చిన్న, మధ్యతరహా ఆఫీసుల ర్యాకుల్లో ఇప్పటికీ తరచుగా కనిపించే పెట్టె అదే. దానికి ఒక ఈ1 పీఆర్‌ఐ, నాలుగు ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టులు (మామూలు ల్యాండ్‌లైన్లు తగిలించేవి) ఉన్నాయనుకుందాం. ఆదేశాలను ఇక్కడ పలికే తీరున తెలుగులో రాశాను, మీరు వాటిని రౌటర్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

ముందు మీ దగ్గర ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి

ఈ1 లింకు వేగం సెకనుకు 2.048 మెగాబిట్లు. అందులో 64 కిలోబిట్ల చొప్పున 32 టైమ్‌స్లాట్లు ఉంటాయి. సున్నా నంబరు స్లాటు లింకు తాళం తప్పకుండా చూసుకోవడానికి, 16వ స్లాటు సిగ్నలింగ్‌కు పోగా మాటలకు మిగిలేవి 30. అమెరికాలో వాడే టీ1 లెక్కలు చదివి 23 అనుకునేవారు కొందరున్నారు, మన దేశంలో పీఆర్‌ఐ వచ్చేది ఈ1 మీదే. అయితే 30 అన్నది తీగ సామర్థ్యం మాత్రమే. మీరు తీసుకున్న ప్లాన్‌ను బట్టి టెలికాం కంపెనీ అందులో పదో పదిహేనో ఛానెళ్లే తెరిచి ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు రౌటర్ 30 చూపిస్తూనే ఉంటుంది, పదకొండో కాల్ మాత్రం వెళ్లదు. కనెక్షన్ ఇచ్చినప్పటి కాగితాన్ని బీరువాలోంచి తీసి ఈ ఒక్క అంకెను సరిచూసుకోవడం మొదటి పని, ఎందుకంటే గ్రాఫులో మీరు గీయబోయే పైగీత అదే.

రెండో అంకె డీఎస్‌పీలది, అంటే మాటను మార్చే చిప్‌లది. మాటను తీగ మీది రూపం నుంచి ఐపీ ప్యాకెట్లుగా మార్చే పని రౌటర్ లోపలి పీవీడీఎం3 కార్డు చేస్తుంది. ఆ కార్డు చిన్నదైతే, లేదా జీ.729 వంటి కోడెక్ (మాటను కుదించే పద్ధతి) వల్ల దానికి భారం ఎక్కువైతే, లైన్లు ఖాళీగా ఉన్నా కాల్స్ తగులుకోవు. ‘షో వాయిస్ డీఎస్‌పీ గ్రూప్ ఆల్’ అన్న ఆదేశం అక్కడ ఎంత జాగా మిగిలి ఉందో చెబుతుంది. దీన్ని ఒకసారి చూసుకుంటే చాలు, రోజూ అక్కర్లేదు.

ఇప్పుడు ప్రత్యక్షంగా చూడండి

మొదట ‘షో ఐఎస్‌డీఎన్ స్టేటస్’ ఇవ్వండి. అందులో రెండో పొర (లేయర్ 2) దగ్గర ‘మల్టిపుల్ ఫ్రేమ్ ఎస్టాబ్లిష్డ్’ అని ఉంటే ఎక్స్ఛేంజితో సంబంధం నిలబడి ఉన్నట్టు. అది లేకపోతే లెక్కలన్నీ పక్కన పెట్టి కంపెనీవారికి ఫోన్ చేయండి.

తరువాత ‘షో ఐఎస్‌డీఎన్ సర్వీస్’. నాకు అన్నిటికంటే ఇష్టమైన తెర ఇది. ఛానెల్ నంబర్లు ఒక వరుసలో, వాటి కింద స్థితి ఒక అంకెగా మరో వరుసలో వస్తాయి: 0 అంటే ఖాళీ, 1 అంటే కాల్ ప్రతిపాదనలో ఉంది, 2 అంటే బిజీ, 3 అంటే వేరే పనికి కేటాయించినది. ఈ1 మీద 16వ చోట 3 కనిపిస్తే కంగారు పడకండి, అది సిగ్నలింగ్ స్లాటు. ఎక్స్ఛేంజి తన కాల్స్‌ను కింది నంబర్ల నుంచి నింపుతూ వస్తుంటే, మీ రౌటర్ బయటికి చేసే కాల్స్‌ను పై నంబర్ల నుంచి తీసుకునేలా ‘ఐఎస్‌డీఎన్ బీచాన్-నంబర్-ఆర్డర్ డిసెండింగ్’ అని పెట్టుకోవడం మంచి అలవాటు. దీనివల్ల ఇరువైపులవారూ ఒకే ఛానెల్ మీద ఒకేసారి చేయి వేసే గొడవ తగ్గుతుంది. దానికి తోడు ఆ వరుసలోని 2 అంకెలను చూడగానే ఎడమవైపు గుంపు వచ్చిన కాల్స్, కుడివైపు గుంపు వెళ్లిన కాల్స్ అని చదవకుండానే తెలిసిపోతుంది. రెండు గుంపులూ మధ్యలో కలుసుకుంటున్న వేళే మీకు ఇబ్బంది మొదలయ్యే వేళ.

ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎన్ని సెకన్లుగా మాట్లాడుతున్నారో ‘షో ఐఎస్‌డీఎన్ యాక్టివ్’ చెబుతుంది. ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టులతో సహా అన్నిటినీ ఒకచోట చూడాలంటే ‘షో వాయిస్ కాల్ సమ్మరీ’, ‘షో వాయిస్ పోర్ట్ సమ్మరీ’ ఉన్నాయి.

ఇక్కడ మూడు పొరపాట్లకు తావుంది, మూడూ నేను చేసినవే. ‘షో కాల్ యాక్టివ్ వాయిస్ బ్రీఫ్’ చివర వచ్చే మొత్తం సంఖ్య కాల్స్‌ది కాదు, కాల్ లెగ్స్‌ది. టెలిఫోన్ తీగ వైపు ఒక కాలు, ఐపీ వైపు ఒక కాలు కలిస్తేనే ఒక సంభాషణ కనుక, మొత్తం 24 అని ఉంటే మాట్లాడుతున్నది పన్నెండు మందే. మీ లైన్ల లెక్కకు పనికొచ్చేది అందులో ‘టెలిఫోనీ కాల్-లెగ్స్’ అన్న అంకె ఒక్కటే.

రెండో పొరపాటు దీనికి తలకిందులు. బయటి నుంచి వచ్చిన కాల్‌ను ఎక్స్‌టెన్షన్ నుంచి ఎవరి సెల్‌ఫోన్‌కో ఫార్వర్డ్ చేస్తే, అది ఒక ఛానెల్ మీద లోపలికి వచ్చి ఇంకో ఛానెల్ మీద బయటికి పోతుంది. సంభాషణ ఒకటే, కానీ తినేది రెండు లైన్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

మూడోది, గేట్‌వేను కాల్ మేనేజర్ (ఆఫీసు ఫోన్లన్నిటినీ నడిపే సిస్కో సర్వర్) ఎంజీసీపీ అనే ప్రోటోకాల్ ద్వారా నడుపుతుంటే సిగ్నలింగ్ రౌటర్ దగ్గర ఆగకుండా నేరుగా కాల్ మేనేజర్‌కు వెళ్లిపోతుంది. అప్పుడు ‘షో ఐఎస్‌డీఎన్ స్టేటస్’లో మూడో పొర దగ్గర ‘సీసీఎం మేనేజర్’ అని కనిపిస్తుంది. అలాంటి చోట ఐఎస్‌డీఎన్ ఆదేశాలు చూపే ఖాళీని నమ్మకండి. ‘షో వాయిస్ కాల్ సమ్మరీ’, ‘షో ఎంజీసీపీ కనెక్షన్’ అన్నవాటినే ఆధారం చేసుకోండి.

యంత్రానికి అప్పగించండి

తెర ముందు రోజంతా కూర్చుని అంకెలు రాసుకోలేం కాబట్టి, ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల నుంచి అంకెలు అడిగి తెచ్చుకునే పద్ధతి) ద్వారా నిమిషానికొకసారి అడిగి రాసుకునే పనిని ఒక లినక్స్ యంత్రానికి ఇవ్వాలి. రౌటర్‌లో చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న కమ్యూనిటీ పేరు (ఇది పాస్‌వర్డ్ లాంటిది) ఒకటి పెట్టి, ఆ యంత్రం ఐపీ చిరునామాను తప్ప ఇంకెవరినీ అనుమతించని యాక్సెస్ లిస్టును దానికి జతచేయండి. ‘పబ్లిక్’ అన్న పేరును మాత్రం వాడకండి, తాళం వేసి తాళంచెవిని తలుపుకే తగిలించినట్టవుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీ మూడో వెర్షన్ పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

అడగవలసిన ఓఐడీ, అంటే రౌటర్‌లో ఆ అంకె ఉండే చిరునామా, 1.3.6.1.4.1.9.10.19.1.1.4.0. ఆ క్షణంలో వాడుకలో ఉన్న డీఎస్0లు, అంటే 64 కిలోబిట్ల ఛానెళ్లు మొత్తం ఎన్నో అది ఒకే అంకెగా చెబుతుంది. చివరి రెండు అంకెలను వదిలేసి ఆ శాఖ మొత్తాన్ని ఒకసారి ఎస్‌ఎన్‌ఎంపీ వాక్ చేసి చూడండి. ఒకటికంటే ఎక్కువ ఈ1లు ఉంటే ఒక్కొక్కదాని లెక్క విడిగా ఇచ్చే పట్టికతో పాటు, రౌటర్ చివరిసారి మొదలైనప్పటి నుంచి ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని ఛానెళ్లు నిండాయో చెప్పే అంకె కూడా అందులో దొరుకుతుంది. ఆ గరిష్ఠం మీ పైగీతకు చేరనేలేదంటే మీ ఫిర్యాదుకు కారణం వేరే ఎక్కడో ఉంది, ఆ రోజుకు ఆ వెతుకులాటే మొదలుపెట్టవచ్చు.

అంకె వచ్చింది కదా అని వెంటనే గ్రాఫు గీయకండి. రాత్రి ఎవరూ లేని వేళ సెల్‌ఫోన్ నుంచి ఆఫీసుకు ఒక కాల్ చేసి, దాన్ని ఎత్తి పక్కన పెట్టి, మళ్లీ అడగండి. సున్నా ఒకటి కావాలి. రెండో ఫోన్ నుంచి ఇంకో కాల్ చేస్తే రెండు కావాలి, పెట్టేస్తే తిరిగి దిగాలి. అలా కదలకపోతే మీ రౌటర్ సాఫ్ట్‌వేర్ (ఐఓఎస్) వెర్షన్‌లోనో, ఎంజీసీపీ అమరికలోనో ఆ ఓఐడీ మీకు పనికిరాదన్నమాట. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా, నెల తర్వాత ఆ గ్రాఫును మీటింగులో చూపిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక రాసుకోవడం. లినక్స్‌లో వేళకు పనులు నడిపించే క్రాన్‌లో నిమిషానికొకసారి నడిచే ఒక చిన్న స్క్రిప్టు, తేదీ, సమయం, అంకె మూడింటినీ కామాలతో ఒక ఫైలు చివర చేర్చుకుంటూ పోతే చాలు. రోజుకు 1440 వరుసలు, నెలకు 43,200, ఏ స్ప్రెడ్‌షీటైనా తెరవగలిగినంతే. గ్రాఫు కావాలనుకుంటే ఎంఆర్‌టీజీ గానీ, కాక్టి గానీ పెట్టుకోండి. కానీ రెండు జాగ్రత్తలు తప్పవు. ఈ సాధనాలు మొదట పుట్టింది నెట్‌వర్క్ రద్దీ కొలవడానికి, కాబట్టి వచ్చిన ప్రతి అంకెనూ పెరుగుతూ పోయే మీటరుగా భావించి, కిందటిసారి అంకెను తీసివేసి కాలంతో భాగిస్తాయి. మన అంకె కరెంటు మీటరు లాంటిది కాదు, బస్సులో ఎంతమంది కూర్చున్నారో చెప్పే లెక్క లాంటిది. అందుకే అమరికలో తప్పనిసరిగా ‘గేజ్’ అని చెప్పాలి. చెప్పకపోతే ముప్పై లైన్లు గంటసేపు నిండి ఉన్నా గ్రాఫు సున్నా మీదే చదునుగా నడుస్తుంది.

రెండోది సగటు. అవి మామూలుగా ఐదు నిమిషాలకొకసారి అడుగుతాయి, పాతబడే కొద్దీ ఆ అంకెలను అరగంటకు, రెండు గంటలకు, రోజుకు సగటు చేసి దాస్తాయి. ఉదయం పదింటికి ఎనిమిది నిమిషాలు 30 మీద నిలిచిన గీత, వారం గ్రాఫులో చూసేసరికి 19కి దిగిపోయి అమాయకంగా కనిపిస్తుంది. సగటుతో పాటు గరిష్ఠాన్ని కూడా దాచేలా పెట్టుకోండి. లేకపోతే నాలాగా ముడి ఫైలునే ఉంచుకోండి, గ్రాఫు అందానికి, ఫైలు వాదనకు.

ఎఫ్‌ఎక్స్‌ఓ లైన్ల సంగతి వేరు

పీఆర్‌ఐలో కాల్ ముగిసిందని సిగ్నలింగ్ స్లాటులో స్పష్టమైన సందేశం వస్తుంది. మామూలు ల్యాండ్‌లైన్ తగిలించిన ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు అలాంటి సందేశం రాదు. అవతలివారు పెట్టేశాక ఎక్స్ఛేంజి లైన్ మీది కరెంటును క్షణం పాటు తీసేస్తేనో, ఎంగేజ్ టోన్ వినిపిస్తేనో పోర్టు గ్రహించాలి. గ్రహించకపోతే ఆ లైన్ ఎవరూ మాట్లాడకుండానే గంటల తరబడి ఎత్తిన రిసీవర్‌లా ఉండిపోతుంది. నేను చూసిన ఒక చోట నాలుగు లైన్లలో ఒకటి శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా అలాగే పట్టుబడి ఉంది, అక్కడివాళ్లు మూడు నెలలుగా “మాకు మూడు లైన్లే పనిచేస్తాయి” అని సర్దుకుపోతున్నారు.

దీన్ని పట్టుకోవడానికి పగటి లెక్కలు అక్కర్లేదు. రాత్రి రెండింటికి ‘షో వాయిస్ పోర్ట్ సమ్మరీ’ తీయించి, బయటి స్థితి ‘ఆన్-హుక్’ కాకుండా ‘ఆఫ్-హుక్’ ఉన్న ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టు ఏదైనా ఉందేమో చూడండి. పగలే అనుమానం వస్తే ‘షో కాల్ యాక్టివ్ వాయిస్ కాంపాక్ట్ డ్యూరేషన్ మోర్ 3600’ అన్న ఆదేశం గంటకు మించి సాగుతున్న కాల్స్‌ను మాత్రమే ఏరి చూపిస్తుంది. ఇరుక్కున్న పోర్టును అప్పటికి ‘షట్‌డౌన్’, ‘నో షట్‌డౌన్’ ఇచ్చి విడిపించవచ్చు. మళ్లీ ఇరుక్కోకుండా ఉండాలంటే ఆ పోర్టులో ‘సీపీటోన్ ఐఎన్’ అని మన దేశపు టోన్లను పెట్టి, కంపెనీ కరెంటు తీసే పద్ధతి ఇవ్వడం లేదని తేలితే టోన్ ఆధారంగా తెంచే ‘సూపర్‌వైజరీ డిస్‌కనెక్ట్’ అమరికను వాడాలి. అది మార్చిన ప్రతిసారీ లోపలికీ బయటికీ నాలుగైదు కాల్స్ చేసి, మాటల మధ్యలో తెగడం లేదని చూసుకున్నాకే లేవండి.

ఎవరు వాడారో తెలియాలంటే

లైన్లు నిండాయని అంకె చెబుతుంది గానీ ఎవరు నింపారో చెప్పదు. దానికి కాల్ రికార్డులు కావాలి. ‘షో కాల్ హిస్టరీ వాయిస్ బ్రీఫ్’ ఉంది కదా అనుకోవద్దు. విడిగా పెంచుకోకపోతే రౌటర్ తన దగ్గర 50 రికార్డులనే, అదీ 15 నిమిషాలే ఉంచుకుంటుంది. రద్దీ వేళ అయిపోయి మీరు టీ తాగి వచ్చేలోగా సాక్ష్యం చెరిగిపోతుంది. ‘జీడబ్ల్యూ-అకౌంటింగ్ సిస్‌లాగ్’ పెట్టి, ప్రతి కాల్ రికార్డునూ అదే లినక్స్ యంత్రంలోని సిస్‌లాగ్‌కు (లాగ్‌లను పోగుచేసే సేవకు) పంపించండి. అంతకంటే ముందు రౌటర్ గడియారాన్ని ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతితో) కలిపి, టైమ్‌జోన్‌ను 5 30 అని పెట్టండి. లాగ్‌లో సమయానికి ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తోందంటే రౌటర్‌కు తన గడియారం మీద తనకే నమ్మకం లేదని అర్థం. అలాంటి సమయాలను మీ నిమిషాల ఫైలుతో జతచేస్తే ఒక్కటీ కలవదు.

ఆ రికార్డుల్లో కాల్ ఎందుకు ముగిసిందో ఒక కోడ్ ఉంటుంది. క్యూ.850 ప్రమాణం ప్రకారం 16 అంటే మామూలుగా పెట్టేశారు, 17 అంటే అవతలివారు బిజీ, 34 అంటే ఖాళీ ఛానెల్ లేదు. మనం వెతికేది ఈ 34నే. అయితే సిస్కో రౌటర్ కొన్ని చోట్ల ఈ కోడ్‌ను పదహారు ఆధారంగా ఉండే లెక్కలో రాస్తుంది. అక్కడ 10 అని ఉంటే అది మన 16, 22 అని ఉంటే అది మన 34. 22 కోసం పట్టికలో వెతికి, ‘నంబరు మారింది’ అన్న అర్థం చూసి రెండు రోజులు నంబర్ల వెంట తిరిగినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ ఒక పరిమితిని ఒప్పుకోవాలి. 34 మీకు చెప్పేది మీవాళ్లు బయటికి చేయబోయి విఫలమైన కాల్స్ గురించే. ముప్పై ఛానెళ్లూ నిండి ఉన్నప్పుడు బయటి నుంచి వచ్చే ముప్పై ఒకటో కాల్‌కు ఎక్స్ఛేంజి దగ్గరే ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది. అది మీ రౌటర్ గడప తొక్కదు, ఏ లాగ్‌లోనూ ఉండదు. ఆ లెక్క మీ టెలికాం కంపెనీ దగ్గరే ఉంటుంది, ఫలానా తేదీల్లో ఫలానా వేళల్లో అన్ని ఛానెళ్లూ నిండిన లెక్క ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అది వచ్చేదాకా, మీ ఫైలులో అంకె పైగీతను తాకి నిలిచిన ప్రతి నిమిషంలోనూ ఎవరో ఒకరు బయట నిలబడి ఉండవచ్చనే లెక్కించండి.

లెక్క తేల్చడం

మీ ఫైలులో ఒక గంటకు సంబంధించిన అరవై అంకెలను కూడి అరవైతో భాగిస్తే వచ్చేది ఆ గంటలో మీ లైన్లు మోసిన ఎర్లాంగ్‌లు (ఒక లైన్ గంట పొడుగునా నిండి ఉంటే ఒక ఎర్లాంగ్). కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డేనిష్ గణితవేత్త ఎ. కె. ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రం నేటికీ ఇక్కడ సరిపోతుంది. వందలో ఒక కాల్‌కు మించి వెనక్కి పోకూడదనుకుంటే 30 ఛానెళ్లు మోయగలిగే భారం 20.3 ఎర్లాంగ్‌లు, 60 ఛానెళ్లయితే దాదాపు 47. నాలుగు లైన్లయితే 0.87 మాత్రమే, అంటే గంటలో మొత్తం కలిపి 52 నిమిషాల మాటలు. నాలుగు లైన్ల మీద గంటకు 240 నిమిషాలు మాట్లాడే వీలున్నా, 52 దాటగానే ఎంగేజ్ టోన్లు ఆ హద్దును మించుతాయన్నది వినడానికి వింతగా ఉంటుంది. కాల్స్ వరుస కట్టి రావు, గుంపులుగా వచ్చిపడతాయి, చిన్న గుంపు లైన్లు ఆ తాకిడికి తట్టుకోలేవు. ఇన్‌కమింగ్‌కు పదిహేను, ఔట్‌గోయింగ్‌కు పదిహేను అని విడగొట్టడం సాధారణంగా నష్టమే అవడానికి కారణం కూడా ఇదే: పదిహేను ఛానెళ్ల గుంపు మోసేది 8.1 ఎర్లాంగ్‌లు, రెండు గుంపులు కలిపినా 16.2 దాటవు.

రౌటర్ ఫైలు ఇంకా లేకుండా, రిజిస్టరు లెక్కలే ఉంటే ఇలా చేయండి: రద్దీ గంటలో 200 కాల్స్, ఒక్కొక్కటి సగటున మూడు నిమిషాలు అయితే 600 నిమిషాలను 60తో భాగించగా 10 ఎర్లాంగ్‌లు, వందకు ఒకటి అన్న కొలతకు 18 ఛానెళ్లు కావాలి. ఒక్క మాట, మీ ఫైలు చూపేది మోసిన భారమే తప్ప వచ్చిన భారం కాదు. పైగీతను తాకని రోజుల్లో రెండూ ఒకటే. తాకిన రోజుల్లో వచ్చినది అంతకంటే ఎక్కువ, ఎంగేజ్ విన్నవారు వెంటనే మళ్లీ మళ్లీ నొక్కుతారు కాబట్టి ఇంకా ఎక్కువ.

కనీసం నాలుగు వారాల ఫైలు చేతికి వచ్చాకే నిర్ణయానికి రండి. ప్రతి రోజులోనూ అత్యధిక భారం ఉన్న గంటను ఏరి, పండగ రోజులను తీసేసి, మిగిలినవాటిని వారాల వారీగా పక్కపక్కన పెట్టండి. నేను చూసుకున్న ఒక ఆస్పత్రిలో అలా పెట్టినప్పుడు అన్ని సోమవారాల్లోనూ ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా గీత 30 దగ్గరే ఆగుతోంది, మిగతా రోజుల్లో 20 దాటడం లేదు. రెండో పీఆర్‌ఐకి కాగితం రాయబోతూ, ఆ వేళకు సిస్‌లాగ్ రికార్డులు తెరిచి చూస్తే, వచ్చిన కాల్స్‌లో ఆరు అదే క్షణంలో బయటి సెల్‌ఫోన్లకు పోతున్నాయి. వారాంతంలో సెలవు మీద వెళ్లిన డాక్టర్లు తమ ఎక్స్‌టెన్షన్లను సెల్‌కు ఫార్వర్డ్ చేసి, సోమవారం వచ్చాక తీయడం మరిచిపోతున్నారు. ఆరు సంభాషణలు పన్నెండు ఛానెళ్లు తింటున్నాయి. సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఫార్వర్డింగ్ అంతా రద్దయ్యే ఏర్పాటు చేసి ఇంకో నాలుగు వారాలు ఫైలు నడిపించాం. సోమవారం గీత 24 దగ్గర ఆగింది, కాగితం డ్రాయర్‌లోనే ఉంది.